రెండు సంగీతం స్కూళ్ళు కలిపేటప్పుడు నేను పడ్డ పాట్లు

ఇది రాద్దామని ఏడాదిగా అనుకుంటున్నా, ఫైళ్ళ పని తెమిలితే కదా. మాది ఉత్తరాంధ్రలో ఒక యూనివర్సిటీ, పేరు రాయను, ఉద్యోగం ఇంకా అక్కడే. నేను విజయనగరంలో వయొలిన్ చెప్తాను. ఈ ఊళ్ళో వయొలిన్ చెప్తానంటే ఎవరికైనా ముందు ద్వారం వెంకటస్వామినాయుడు గారే గుర్తొస్తారు, తర్వాత నా మొహం చూసి "ఓహో" అంటారు, ఆ "ఓహో"కి నేను ఎప్పుడో అలవాటు పడిపోయాను.

యూనివర్సిటీ కింద సంగీతానికి రెండు దుకాణాలు ఉండేవి. ఒకటి మాది, ఊళ్ళో, పాత మేడలో, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా ఇంకో రెండేళ్ళు, గాత్రం వీణ వయొలిన్ మృదంగం నాదస్వరం డోలు అన్నీ ఉండేవి, పదేళ్ళ పిల్ల దగ్గర్నుంచి రిటైరైన పోస్టుమాస్టారి దాకా ఎవరొచ్చినా చేర్చుకునేవాళ్ళం. రెండోది ఊరి బయట క్యాంపస్‌లో డిపార్ట్‌మెంటు. అక్కడ డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ, ఏసీ సెమినార్ హాలు. మా దృష్టిలో వాళ్ళు థియరీ వాళ్ళు, వాళ్ళ దృష్టిలో మాది ట్యూషన్ సెంటర్. ఇరవయ్యేళ్ళు ఇలాగే ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటూ బతికేశాం.

ఒకరోజు పైనుంచి ఆర్డరొచ్చింది, రెండూ కలిపి ఒకే స్కూలు చెయ్యండని. రెండు చోట్లా వీణ ఉంది, రెండు చోట్లా వయొలిన్ ఉంది, ఇద్దరు హెడ్‌లు రెండు ఆఫీసులు రెండు కరెంటు బిల్లులు ఎందుకు అని. వినడానికి సబబే, నాకే అలా అనిపించింది మొదట. అయిదుగురితో కమిటీ వేశారు, నన్ను మెంబర్ కన్వీనర్ చేశారు. ఎందుకంటే ఎక్సెల్లో టోటల్ కొట్టడం వచ్చినదాన్ని మా వైపు నేనొక్కదాన్నే.

మూడు నెలలన్నారు. పద్నాలుగు నెలలు పట్టింది.

మొదటి మూడు నెలలూ పేరు దగ్గరే పోయాయి. కొత్త స్కూలు పేరులో "సంగీతం" ముందుండాలా "ప్రదర్శన కళలు" ముందుండాలా అని నాలుగు మీటింగులు, ప్రతి మీటింగుకీ ఉప్మా పెసరట్టు. దాని గురించి ఇంతకంటే రాయను, పెసరట్టు మాత్రం బాగుండేది.

అసలు కష్టం స్టాకు దగ్గర మొదలైంది. రెండు చోట్ల వాయిద్యాలూ లెక్కేసి ఒకే రిజిస్టరులోకి ఎక్కించాలి. మా అటెండరు అప్పన్న (పేరు మార్చాను), నేను, క్యాంపస్ నుంచి ఒక సీనియర్ అసిస్టెంటు, ముగ్గురం స్టోర్ రూం తాళం తీశాం. రిజిస్టరులో వీణలు పదకొండు, గదిలో చూస్తే తొమ్మిది. అప్పన్న రెండు గంటలు దుమ్ములో వెతికి ఆఖరికి రిజిస్టరే తిరగేసి "ఏటమ్మా ఇది, ఒకే వీణని రెండేసిసార్లు ఎక్కించీసినారు, కొన్నప్పుడొకసారి, రిపేరు చేసి తెచ్చినప్పుడొకసారి" అన్నాడు. అలా రెండు తేలాయి, లేకపోతే ఆ రెండు వీణల ఖరీదూ మా పాత ప్రిన్సిపాల్ గారి పెన్షన్లోంచి కట్ చేసేవాళ్ళేమో.

ఆ వీణలన్నీ బొబ్బిలి వీణలు. అంటే బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసేవి, పనస దుంగ ఒక్కటే తీసుకుని కుండ, దండి అంతా అతుకు లేకుండా తొలుస్తారు, ఏకాండి అంటారు. సీనియర్ అసిస్టెంటుకి ప్రతి ఐటెంకీ మోడల్ నెంబరు, సీరియల్ నెంబరు, కంపెనీ బిల్లు కావాలి. గొల్లపల్లి ఆయన చేత్తో రాసిచ్చిన చీటీ చూపించాను, "ఏకాండి వీణ ఒకటి, పెట్టె లేదు" అని ఉంది దాంట్లో. కంపెనీ పేరేంటి మేడం అన్నాడు. ఏం చెప్పను, పనసచెట్టు అన్నాను. నవ్వలేదు.

చివరికి ప్రతి వీణ కుండ కిందా తెల్ల పెయింటుతో నెంబరు వెయ్యాలని తేల్చారు. మా వీణ మేడం గారి దగ్గర ఉన్నది నలభయ్యేళ్ళ నాటిది, ఎండాకాలం వస్తే మైనం మెత్తబడి మెట్లు జరిగిపోతుంటాయి, ఆవిడే కూచుని ఇరవై నాలుగు మెట్లూ ఒక్కొక్కటీ చెవితో చూసుకుంటూ సర్దుకుంటారు. ఆ వీణ బోర్లించి అప్పన్న బ్రష్షుతో "మ్యూ 7" అని రాస్తుంటే ఆవిడ గది బయటికెళ్ళి నిలబడ్డారు. అప్పన్నకే మనసొప్పలేదు, అంకె ఎంత చిన్నగా రాశాడంటే తర్వాత ఆడిట్ వాళ్ళకి కనపళ్ళేదు.

శ్రుతి పెట్టెలది, అంటే పాటకి ఆధార శ్రుతి ఇచ్చే పెట్టెలది, ఇంకో తంతు. మేము వాటిని వాయిద్యాల కింద రాసుకున్నాం, క్యాంపస్ వాళ్ళు ఎలక్ట్రానిక్ వస్తువుల కింద రాసుకున్నారు, ఫ్యానులూ కంప్యూటర్లతో పాటు. ఎలక్ట్రానిక్ అయితే కొన్నేళ్ళకి కండెమ్ చేసెయ్యొచ్చు, వాయిద్యమైతే అలా కుదరదు. దీని మీద ఒక నోట్ ఫైలు, దానికి మూడు సంతకాలు. మీ ఆఫీసులో ఎప్పుడైనా ఇలాంటి విలీనం వస్తే నా మాట వినండి, మనుషుల గొడవ తర్వాత, ముందు రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి ఏ వస్తువుని ఎవరు ఏ పద్దు కింద రాశారో చూసుకోండి, సగం జ్వరం అక్కడే తగ్గుతుంది.

తర్వాత సిలబస్. క్యాంపస్‌లో సెమిస్టర్లు, క్రెడిట్లు. వారానికి ఒక గంట పాఠం చెప్తే ఒక క్రెడిట్, అదే ప్రాక్టికల్ అయితే రెండు గంటలకి ఒక క్రెడిట్. మాది అంతా ప్రాక్టికలే కదా, మా మృదంగం మాస్టారు వారానికి పన్నెండు గంటలు వాయించి వాయింపించి చేతులు వాచిపోతే ఆరు క్రెడిట్లు, అక్కడ సంగీత చరిత్ర చెప్పే ఆయన ఆరు గంటలు కుర్చీలో కూచుని చెప్తే అవే ఆరు. ఆయన మంచాయనే, బాగా చెప్తారు కూడా, కానీ లెక్క లెక్కే.

పిల్లల్ని ఎలా కలపాలన్నది ఇంకా చిక్కు. మా దగ్గర సర్టిఫికెట్ మూడో ఏడు పిల్ల అట తాళ వర్ణం రెండు కాలాల్లో పాడేస్తుంది, కానీ తొమ్మిదో క్లాసు చదువుతోంది. క్యాంపస్‌లో ఇంటర్ పాసై డిగ్రీలో చేరిన కుర్రాడు అప్పుడే మాయామాళవగౌళలో సరళీవరసలు మొదలెడతాడు. వయసు ప్రకారం వాడు పైన, పాట ప్రకారం ఇది పైన. ఇద్దర్నీ ఒక గదిలో కూచోబెట్టి చూశాం ఒక వారం, కుర్రాడు సిగ్గుతో రావడం మానేశాడు.

దాంతో "సర్టిఫికెట్ కోర్సే ఎత్తేస్తే పోయె" అన్న మాట వచ్చింది. యూనివర్సిటీ అన్నాక డిగ్రీలు చెప్పాలి గానీ సాయంత్రం పూట ఆడవాళ్ళకీ పిల్లలకీ పాటలేంటి అని ఒకరు మీటింగులోనే అనేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ నోరు పారేసుకోలేదు. రెండోరోజు మా అడ్మిషన్ రిజిస్టరు పట్టుకెళ్ళాను. దాంట్లో "వృత్తి" అని ఒక గడి ఉంటుంది. వీసీ గారి ముందు తెరిచి పెట్టి ఆ గడి మీద వేలు పెట్టి కిందకి లాగాను అంతే. టైలరు, రైల్వే గేట్‌మేను, గృహిణి, గృహిణి, అంగన్‌వాడీ టీచరు, తొమ్మిదో తరగతి, పూజారి, లెక్కల మాస్టారు, గృహిణి. వీసీ గారు చాలాసేపు చూశారు. "వీళ్ళు క్యాంపస్‌కి రాలేరు కదా" అన్నారు. ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్లో షాపు కట్టేసి నడిచొచ్చే మనిషి ఊరవతలకి రెండు ఆటోలు మారి ఎందుకొస్తాడు సార్ అన్నాను.

సాయంత్రం క్లాసు నిలబడింది. ఊరికే నిలబడలేదు, దానికి బదులు మా వైపు హెడ్‌షిప్ వదులుకున్నాం. ఇకమీదట హెడ్ ఎప్పుడూ యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) స్కేలు వాళ్ళలోంచే, అంటే క్యాంపస్ వాళ్ళలోంచే. మా సీనియర్లు ఇద్దరు నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది, నేను వాళ్ళని అడక్కుండానే ఒప్పేసుకున్నాను.

ఇంకో మాట, ఉపయోగపడుతుందని రాస్తున్నా. అప్పటికే చేరి ఉన్న పిల్లల్ని పాత రెగ్యులేషన్‌లోనే ఉంచాలని, సర్టిఫికెట్ పాత పేరు మీదే ఇవ్వాలని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో రాయించి, అకడమిక్ కౌన్సిల్లో పాస్ చేయించి, పాలకమండలి మినిట్స్‌లో కూడా ఎక్కించాం. ఇది చెయ్యకపోతే రేపు ఎవరో ఒకరు డూప్లికేట్ కోసం వచ్చినప్పుడు అసలు ఆ స్కూలే లేదంటారు. మినిట్స్ కాపీ ఒకటి ఇంట్లో కూడా పెట్టుకున్నాను, బియ్యం డబ్బా పక్కన.

మధ్యలో పుష్యమాసం వచ్చింది. బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన, ఎప్పుడూ ఎవరిది వాళ్ళు చేసుకునేవాళ్ళం, ఈసారి కలిపి చెయ్యాలన్నారు. ఫ్లెక్సీ కొట్టించారు, లోకల్ కేబుల్ వాళ్ళు కూడా వచ్చారు. త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదూ గోష్ఠిగానం, అంటే అందరూ కలిసి పాడడం, అటు ముప్పై మంది ఇటు ముప్పై మంది. రిహార్సల్ వద్దులెండి అందరికీ వచ్చినవే కదా అనుకున్నాం. మొదట శ్రుతి దగ్గరే తేడా వచ్చింది, మగవాళ్ళు ఒకటో శ్రుతికి అలవాటు, ఆడపిల్లలు అయిదున్నర, మధ్యలో ఎక్కడో సర్దుకుని మొదటిదైన నాట రాగం కీర్తన ఎత్తాం. పల్లవి అనుపల్లవి బానే వెళ్ళాయి. చరణాల దగ్గరికొచ్చేసరికి మేము స్వరం పాడి తర్వాత సాహిత్యం పాడతాం, వాళ్ళు టైం చాలదని కొన్నేళ్ళ కిందటే స్వరం తీసేసి నేరుగా సాహిత్యానికి వెళ్ళిపోతున్నారట. ఎవరికి తెలుసు. ఇటు ముప్పై నోళ్ళు స్వరం, అటు ముప్పై నోళ్ళు సాహిత్యం. మా మృదంగం మాస్టారు నా వైపు చూశారు, నేను ఎవర్ని అందుకోవాలో తెలీక ఊరికే షడ్జం లాగుతూ కూచున్నా. కేబుల్ వాళ్ళు మాత్రం మొత్తం రికార్డు చేసి, సాయంత్రం వేసి, కింద "అద్భుత గోష్ఠి" అని స్క్రోలింగ్ ఇచ్చారు.

వరాళి రాగం గురువు శిష్యుడికి ఎదురుగా కూచోబెట్టి చెప్పకూడదని పాతవాళ్ళు అంటారు, చెప్తే ఇద్దరికీ చెడుతుందట. పంచరత్నాల్లో నాలుగోది ఆ వరాళిలోనే, దాని దగ్గరికొచ్చేసరికి మా పక్కన కూచున్న ఒకావిడ "ఇంక చెడడానికేముంది, కానివ్వండి" అంది. అందరం నవ్వేశాం. నిజం చెప్పాలంటే ఆ రెండు డిపార్ట్‌మెంట్లూ ఒకటైంది ఏదైనా ఉంటే ఆ నవ్వు దగ్గరే, మిగతాదంతా కాగితం.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది నాదస్వరం మాస్టారి విషయం. ఆయన మా దగ్గర పద్ధెనిమిదేళ్ళుగా గెస్ట్‌గా చెప్తున్నారు. తాత తండ్రి అందరూ గుడి వాద్యమే, పైడితల్లమ్మ జాతరొస్తే ఆయన్ని పట్టుకోలేం. డిగ్రీ లేదు. ఆకాశవాణిలో బి హై గ్రేడు. కొత్త స్కూల్లో పోస్టు అంటే పీజీ, నెట్ పరీక్ష పాసు కావాలి, లేకపోతే ఆర్టిస్టు కోటాలో రావాలంటే ఆకాశవాణి "ఏ" గ్రేడు ఉండాలి. ఒక్క మెట్టు తక్కువ. అకడమిక్ కౌన్సిల్లో నేను లేచి, సార్, 1919లో మన ఊళ్ళో విజయరామ గజపతి మహారాజా వారు గాన పాఠశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్ చేశారు, ఆయనకి సంగీతంలో డిగ్రీ ఎక్కడిది, ద్వారం వారు స్టూడెంటుగా చేరడానికొస్తే వయొలిన్ విని మాస్టారుగానే వేసుకున్నారంటారు, అప్పుడాయనకి ఇరవై ఆరేళ్ళు, అన్నాను. కాస్త ఆవేశంగానే అన్నాను. ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ "అప్పుడు యూజీసీ లేదు కదమ్మా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా వదల్లేదు. 2023లో యూజీసీ కళాగురు అని గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఆర్టిస్టుల్ని కాలేజీల్లోకి తీసుకోమని. దాని ప్రింటు తీసి, మాస్టారి కచేరీల ఫొటోలు, గుడి వాళ్ళ లెటరు, శిష్యుల లిస్టు అన్నీ జత చేసి పెట్టాను. ఫైలు రిజిస్ట్రార్ దాటింది, ఫైనాన్స్‌లో ఆగింది. వాళ్ళ క్వెరీ ఏంటంటే, మంగళవాద్యం ప్రదర్శన కళ కిందకి వస్తుందా లేక మతపరమైన సేవ కిందకి వస్తుందా, వివరణ ఇవ్వవలెను. రెండు పేజీలు రాసిచ్చాను.

ఇది జరిగి అయిదు నెలలు. ఈలోగా ఆయన వస్తూనే ఉన్నారు, ఏ గౌరవ వేతనమూ లేకుండా, మంగళ, శుక్రవారాలు. మొన్న క్లాసయ్యాక మెట్ల మీద కూచుని చెప్పులేసుకుంటుంటే, ఫైలు ఇంకా కదల్లేదు మాస్టారూ, ఈ వారం మీరూ రండి ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుదాం అన్నాను. ఆయన సన్నాయి సంచీ భుజాన వేసుకుని, "ఈ నెలంతా ముహూర్తాలే కదమ్మా, ఒక్కరోజు ఖాళీ లేదు. మూఢం రానీ, అప్పుడు నింపాదిగా వెళ్దాం" అన్నారు.