వెళ్లిపోయే ముందు వార్బ్లర్లు

మార్చి సగం దాటిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. నల్గొండ దగ్గరి పానగల్లు ఉదయ సముద్రం చెరువు మీద బాతులూ కొంగలూ అందరికీ కనిపిస్తాయి గానీ, కట్ట కింద తుమ్మ పొదల్లో చలికాలమంతా గడిపిన వార్బ్లర్లు, అంటే పురుగులు తినే చిన్న వలస పిట్టలు, ఏప్రిల్ పోయేసరికి దాదాపు ఖాళీ అయిపోతాయి. మళ్లీ వాన కాలం చివర్లోనే రావడం.

కొత్తగా చూసేవాళ్లు బైనాక్యులర్ ఎత్తుకుని చెట్టు చెట్టుకూ తిరుగుతారు. అట్లా దొరకవు. పొద్దున ఆరు గంటలకల్లా ఒక పొద ముందు నిలబడి చెవి పెట్టాలి. కింద ముళ్లల్లోంచి ఆగి ఆగి 'చక్, చక్' అని వినిపిస్తే అది చాలావరకు బ్లైత్స్ రీడ్ వార్బ్లరే. పైన వేప పూతలో రెండు ముక్కలుగా 'చిస్-లీ' అని వినిపిస్తే అది గ్రీనిష్ వార్బ్లర్. పురుగుల కోసం ఆకు ఆకుకీ మారుతూ ఒక్క క్షణం కుదురుగా ఉండదు, బరువు ఎనిమిది గ్రాములకు అటూ ఇటూ, అయినా ఆ గొంతు రోడ్డు దాకా వినిపిస్తుంది.

నాకు మాత్రం బ్లైత్స్ రీడ్ అంటేనే ప్రాణం. వెళ్లే రోజులు దగ్గరపడేకొద్దీ పొదలోపలే కూర్చుని పాట మొదలుపెడుతుంది, ఒక్కో ముక్కనీ మళ్లీ మళ్లీ తిప్పి తిప్పి అంటూ, మధ్యలో వేరే పిట్టల కూతలు కలుపుకుంటూ. ఓపిక పడితే బయటికొస్తుంది: మట్టిరంగు ఒళ్లు, పొడుగు ముక్కు, ముక్కు మొదలు నుంచి కన్ను దాకా వచ్చి ఆగిపోయే లేత చార. ఇది గూడు కట్టేది ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా ఉన్న నేలల్లో. ఆ పాట మన తుమ్మ పొదలో వినడం ఎంత అదృష్టమో!

దేవరకొండ కోట వైపు వెళ్తే బండలు చూడండి. రాళ్ల మీద పాకుతూ తిరిగే పసుపు పొట్ట పిట్ట సల్ఫర్ బెల్లీడ్ వార్బ్లర్. ఒకేలా కనిపించే బూటెడ్, సైక్స్ వార్బ్లర్లు రెండింటి మధ్య తేలకపోతే, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రెండూ కలిపి రాసే వీలుంది, ఊహించి ఒకదాని పేరు పెట్టొద్దు.

మొన్న ఒక రైతు ట్రాక్టర్ ఆపి "ఏం జూస్తున్నవ్ సార్, ఆ కంపల?" అని అడిగాడు. బైనాక్యులర్ ఇచ్చి చూపించాను. చాలాసేపు చూసి, "గింత పిట్ట హిమాలయాలు దాటి పోతదా?" అన్నాడు. కట్ట మీద కంప కొట్టేటప్పుడు నీళ్ల వైపు ఒక వరస వదిలేయమని అడిగితే సరేనన్నాడు. మీ ఊరి చెరువు కాడ కూడా ఈ మాట అడగండి.