2025లో నేను తిరిగిన ఇళ్లు, వీధులు

ఎవరైనా కొత్త వీడియో గేము గురించి చెబితే నేను ముందుగా అడిగేది అందులోని చోటు గురించే. కథ సంగతీ పోరాటాల సంగతీ ఆ తర్వాత. కాకినాడలో ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి. గుమ్మం ఎటు తెరుచుకోవాలి, మెట్లెక్కగానే కంటికి ఏది కనబడాలి, వరండాలో కూర్చుంటే వీధి ఎంతవరకు అందుతుంది అని పగలంతా ఆలోచిస్తుంటాను. రాత్రి అదే కంప్యూటర్‌లో ఆట తెరిచినా నా చూపు వాటి మీదకే పోతుంది. ఆ లెక్కన 2025 నాకు చాలా మంచి సంవత్సరం. మరచిపోలేని చోట్లు చూశాను.

ఒక మాట ముందే చెప్పాలి. నేను గేములు ఆడతానంటే మా బంధువుల్లో చాలామంది ఫోనులో రమ్మీ అనుకుంటారు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అది రావలసిన చట్టమే. ఆ ఆటల వల్ల అప్పులపాలైన ఇల్లు మా వీధిలోనే ఉంది. నేను రాస్తున్నది ఒకసారి వెల కట్టి కొనుక్కున్నాక మళ్లీ మన జేబు వైపు చూడని ఆటల గురించి.

వాటిలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది మే నెలలో వచ్చిన ‘డెస్పెలోటే’. ఈక్వెడార్‌కు చెందిన హులియాన్ కొర్దేరో, ఆయన సహచరుడు సెబాస్టియన్ వాల్‌బ్వేనా దీనికి ప్రధాన కర్తలు. రెండు గంటల్లో పూర్తవుతుంది. ఆ దేశ రాజధాని క్విటోలో, 2001లో జరుగుతుంది. ఈక్వెడార్ అప్పటికి ఒక్కసారి కూడా ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు అర్హత పొందలేదు. ఆర్థికంగా కుప్పకూలి, తన సొంత కరెన్సీ సుక్రేను వదులుకొని, 2000లో అమెరికా డాలరును తెచ్చుకున్న దేశం అది. ఆ స్థితిలో జట్టు గెలుస్తూ పోతుంటే ఊరంతా మరో ధ్యాస లేకుండా అయిపోయింది. మనం ఎనిమిదేళ్ల హులియాన్‌గా ఆ ఊళ్లో తిరుగుతాం.

ఫుట్‌బాల్ ఆట అనుకుని కొంటే ఇందులో ఈక్వెడార్ జట్టు తరఫున మ్యాచ్ ఆడేది ఉండదు. మనకు ఉండేది ఒక పార్కు, కాళ్ల దగ్గర ఒక బంతి, ఇంటికి రమ్మని అమ్మ పెట్టిన గడువు. బంతిని సీసాల మీదకు తన్నవచ్చు, బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి మీదకు తన్ని చీవాట్లు తినవచ్చు, ఏమీ చేయకుండా ఎవరో మాట్లాడుకుంటుంటే వినవచ్చు. ఆ మాటలు స్టూడియోలో చదివించినవి కావు. క్విటో మనుషుల సంభాషణలను సహజంగా రికార్డు చేసి వాడారు. ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంది, వాక్యాలు సగంలో తెగుతాయి, వెనుక ఎవరో నవ్వుతారు. పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తున్నాం కాబట్టి పెద్దల లోకమంతా మన తల పైన ఎక్కడో నడుస్తూ ఉంటుంది.

బొమ్మ గీసిన తీరు గురించి నేను గంటసేపు మాట్లాడగలను. వీధులు, చెట్లు, గోడలు నిజమైన ఊరి నుంచి తీసుకున్నవి. వాటిని ఒకే రంగులో, పాత పత్రికలో అచ్చయిన ఫొటోలా గరుకుగా చూపించారు. వాటి మధ్య మనుషులు, బంతి, మనం తాకగలిగిన వస్తువులు మాత్రం తెల్లటి గీతల బొమ్మలు. ఏది ముఖ్యమో చెప్పడానికి బాణం గుర్తు అక్కరలేదు, కన్ను తనంతట తనే గీతల వైపు వెళుతుంది. ప్లాన్‌లో గోడకు మందమైన గీత, సామానుకు సన్నని గీత వేసే నాకు ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన ఎంతో నచ్చింది.

అదే 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్, ద్రావిడ్ నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడకుండా నిలబడ్డారు. వాళ్ల భాగస్వామ్యం 376 పరుగులు. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాకు అక్కడ అడ్డుకట్ట పడింది. అప్పుడు నాకు పదేళ్లు. మెయిన్ రోడ్డులో టీవీలు అమ్మే దుకాణం అద్దాల ముందు జనం, వాళ్ల వెనుక నాన్న చెయ్యి పట్టుకుని నేను. లక్ష్మణ్ కొట్టిన షాట్లు నేను తర్వాత చూసి తెలుసుకున్నవే. ఆ రోజు చూసినవి ముందు నిలబడ్డవాళ్ల చొక్కాల వీపులు, ఫోర్ కొట్టగానే పైకి లేచే చేతులు, సైకిలు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి మెడ చాచిన పాలబ్బాయి. ‘డెస్పెలోటే’ ఆడుతుంటే ఇదే పద్ధతిలో మ్యాచ్ కనబడింది. దుకాణంలో టీవీ, దాని ముందు జనం, వాళ్ల సందుల్లోంచి ఆకుపచ్చని మైదానం ముక్క. 2001 నవంబరు 7న ఉరుగ్వేతో మ్యాచ్ 1-1తో ముగిసి ఈక్వెడార్ మొదటిసారి ప్రపంచ కప్పుకు వెళ్లిందని నాకు ముందే తెలుసు. తెలిసినా ఈక్వెడార్ ఆటగాడు కవియేదెస్ తల తగిలి బంతి గోల్‌లోకి వెళ్లినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకు ఏ సంబంధమూ లేని దేశం కోసం, ఎప్పుడో అయిపోయిన గోల్ కోసం. ఒక ఆట ఇంతకంటే ఏం చేయాలి?

ఏప్రిల్‌లో వచ్చిన ‘బ్లూ ప్రిన్స్’ నా వృత్తికి నేరుగా తగిలిన ఆట. టోండా రోస్ అనే ఆయన ఎనిమిదేళ్లు కష్టపడి తయారుచేశాడు. సైమన్ అనే కుర్రవాడికి తాతగారి వరసైన పెద్దమనిషి మౌంట్ హోలీ అనే భవనాన్ని రాసిపెట్టి పోతాడు. షరతు ఏమిటంటే 45 గదుల ఆ భవనంలో 46వ గదిని కనిపెట్టాలి. భవనం అడ్డంగా అయిదు, నిలువుగా తొమ్మిది గళ్ల ప్లాను. తలుపు తీయబోతే అవతల ఏ గది ఉండాలో మూడింటిలోంచి మనమే ఎంచుకోవాలి. ఎంచుకున్న గదికి ఎన్ని తలుపులున్నాయో, అవి ఎటు తెరుచుకుంటాయో చూసుకోకపోతే దారి అక్కడితో మూసుకుపోతుంది. రోజుకు 50 అడుగులు వేసే ఖాతాతో మొదలుపెడతాం, గది మారిన ప్రతిసారీ ఒకటి ఖర్చు. అవి అయిపోతే రోజు ముగుస్తుంది. మర్నాడు ప్లాను మొత్తం ఖాళీ.

పగలు నా దగ్గరకు వచ్చేవాళ్లు వంటగది ఆగ్నేయంలో, దేవుడి గది ఈశాన్యంలో, పెద్ద పడకగది నైరుతిలో అని పట్టుబడతారు. ఈ ఆటలోనూ గదులకు పట్టింపులున్నాయి. గ్యారేజీ పడమటి అంచునే వస్తుంది. పడకగది వేస్తే అడుగులు కలిసివస్తాయి. ఇలాంటివి ఒక్కొక్కటిగా అర్థమవుతుంటే ఆ ఇంటి మీద ప్రేమ పెరుగుతుంది. నేను గీసే ఇళ్లలో కూడా ఉండేవాళ్లకు నెమ్మదిగా అర్థమయ్యే సౌకర్యం ఒకటైనా దాచాలన్న కోరిక ఈ ఆట వల్లనే బలపడింది.

దీన్ని నేను ఒంటరిగా ఆడలేదు. నాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పార్లర్ అనే గదిలో నీలం, తెలుపు, నలుపు పెట్టెలు మూడు ఉంటాయి. ఒక్కో దాని మీద ఒక్కో వాక్యం. కనీసం ఒక పెట్టె నిజమే చెబుతుంది, కనీసం ఒకటి అబద్ధమే చెబుతుంది, రత్నాలు ఒక్కదానిలోనే ఉంటాయి. నేను వాక్యాలను తెలుగులో చెప్పేదాన్ని, నాన్న పాత డైరీలో మూడు గళ్లు గీసుకుని కూర్చునేవారు. “నల్లపెట్టె నిజం చెబుతోందనుకుందాం అమ్మా, అప్పుడు తెల్లది ఇరుక్కుంటుంది చూడు” అని తేల్చేవారు. తరగతి గది విడిచిపెట్టాక ఆయన గొంతులో ఆ హుషారు నేను వినలేదు. పార్లర్ గది ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసి, రాని రోజు నొచ్చుకునేవారు. ఆటలో నాకున్న అభ్యంతరమూ అదే. కొన్ని రోజులు ఎంత ఆలోచించి గీసినా కావలసిన గది చేతికి రాదు. చిక్కుముడి విడిపోయాక కూడా దాన్ని అమలు చేయడానికి అదృష్టం కోసం ఆగవలసి రావడం న్యాయం కాదనిపిస్తుంది. అయినా ఇంత బాగా ఆలోచించి కట్టిన ఇంటిని మరే ఆటలోనూ చూడలేదు.

తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. వాడితో కలిసి మార్చిలో వచ్చిన ‘స్ప్లిట్ ఫిక్షన్’ ఆడాను. ఇది ఇద్దరు లేనిదే నడవదు. ఒకరు కొంటే చాలు, రెండోవారికి ఉచితం. మియో, జోయీ అనే ఇద్దరు రచయిత్రుల కథలను ఒక సంస్థ యంత్రంతో లాగేసుకోబోతే, ఆ కథల లోకాల్లోనే చిక్కుకుని బయటపడే కథ. ఇందులో ఏ చోటూ నిలవదు, ఒక లోకం అలవాటయ్యేలోపే మరొకటి వచ్చేస్తుంది. నాలాంటివాళ్లకు అది కొరతే. కానీ మాకు ఆదివారం రాత్రి, వాడికి పొద్దున. కాఫీ తాగుతూ “అక్కా, నేను తలుపు పట్టుకున్నాను, నువ్వు దూకెయ్” అని వాడు అరుస్తుంటే కొరత గుర్తురాలేదు. ఫోనులో మేము మాట్లాడుకునేది అమ్మ ఆరోగ్యం, వీసా సంగతులు. ఈ ఆట పుణ్యమా అని చిన్నప్పటిలా పోట్లాడుకున్నాం.

ఇక అందరూ మెచ్చిన ‘క్లేర్ ఓబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’. ఫ్రాన్స్‌లోని మాంపెలియే నగరంలో ఉన్న శాండ్‌ఫాల్ అనే చిన్న సంస్థ చేసిన తొలి ఆట. డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటతో కలిపి తొమ్మిది అవార్డులు తీసుకుంది. ల్యూమియేర్ అనే ఊరికి సముద్రం అవతల ఒక పెద్ద శిల మీద ఒక అంకె ఉంటుంది. ఏటా దాన్ని ఒకటి తగ్గించి రాస్తారు. ఆ వయసు వచ్చినవాళ్లు పూరేకులై గాలిలో కలిసిపోతారు. కథ మొదలయ్యే రోజున 34 పోయి 33 వస్తుంది. నాకు 34. ఆ ఊళ్లో నా తోటివాళ్లు, నాకంటే పెద్దవాళ్లు ఎవరూ మిగలరు.

మొదటి గంటంతా ఆ చివరి సాయంత్రమే. వెళ్లిపోబోయేవాళ్లు మెడలో పూలదండలతో వీధుల్లో నడుస్తుంటారు, ఇంట్లోని సామాను బయటపెట్టి ఇచ్చేస్తుంటారు, అందరూ రేవు వైపు సాగుతారు. గుస్తావ్, సోఫీ అనే పాత్రలు పక్కపక్కన నడిచే ఆ దారిలో నేను ప్రతి సందులోకీ వెళ్లి, ప్రతి మనిషి మాటా విన్నాను. ఆ తర్వాతి పోరాటాలు, శత్రువు దెబ్బను సరిగ్గా ఆ క్షణానికి కాచుకోవడం, లోరియన్ తెస్తార్ సంగీతం అన్నీ బాగున్నాయి. మూడో అంకం మాత్రం సాగదీతే. నాకు మిగిలినది ఆ రేవు.

దీని తయారీలో కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు వాడారన్న కారణంతో చిన్న స్వతంత్ర సంస్థల ఆటలకు బహుమతులిచ్చే ఇండీ గేమ్ అవార్డ్స్ వారు తాము ఇచ్చిన రెండు బహుమతులను వెనక్కి తీసుకున్నారు. వాటిలో ఆ ఏటి ఉత్తమ ఆట బహుమతి ‘బ్లూ ప్రిన్స్’కు వెళ్లింది. గీత గీసి బతికే మనిషిగా ఆ నిర్ణయం సబబే అంటాను. నియమం ముందే పెట్టుకున్నప్పుడు పెద్ద పేరున్న ఆటకైనా అదే వర్తించాలి.

‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ గురించి ఎక్కువ రాయను. అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ 2019లో ప్రకటించి 2025 సెప్టెంబరు 4న విడుదల చేస్తే, ఆ రోజు అమ్మే సైట్లే మొరాయించాయి. చేత్తో గీసిన ప్రతి ఆకూ అందమే, కానీ చాలా చోట్ల ఒక్కో దెబ్బకు రెండింతల ప్రాణం పోయే కాఠిన్యం నాకు సరిపడలేదు. సగంలో ఆపేశాను. బెల్‌హార్ట్ అనే ఊళ్లో గంటలే ఇళ్లు, అక్కడ మనం ఆడే పాత్ర హార్నెట్‌కూ ఒక గంట ఇల్లు దొరుకుతుంది. ఆ ఒక్క ఇంటి కోసం ఎప్పుడైనా మళ్లీ తెరుస్తానేమో.

వీటిలో ఏదీ తెలుగులో లేదు. నాన్నకు ప్రతి వాక్యం నేను చెప్పవలసి వచ్చింది. అనువాదాలు రావాలి, అంతకంటే ముందు ‘డెస్పెలోటే’ లాంటిది మన ఊళ్ల నుంచి రావాలి. క్విటో వీధి మాటలు అలాగే వినిపిస్తూ, కింద అక్షరాలు వేస్తే ప్రపంచమంతా ఆడింది. 2001 నాటి కాకినాడ మాటలు, భానుగుడి కూడలి, గాంధీనగర్ పార్కు, మెయిన్ రోడ్డులో ఆ టీవీల దుకాణం అలాగే పెట్టినా ఆడతారు. ప్రోగ్రామింగ్ నాకు రాదు. అది వచ్చినవాళ్లు ఎవరైనా పూనుకుంటే రాయండి, వీధుల వెడల్పులు, అరుగుల ఎత్తులు, మేడల మెట్లు కొలిచి గీసి ఇచ్చే పని నాది.