మళ్లీ షటిల్ బ్యాట్ కొన్నాను

కాలేజీ తర్వాత మానేసిన షటిల్ మళ్లీ మొదలెట్టాను. అమలాపురం షటిల్ స్టార్ సాత్విక్ సాయిరాజ్ ఊరు కదా, కొట్లో అడగ్గానే స్మాష్‌లు కొట్టేవాళ్లు వాడే హెడ్ హెవీ (తల వైపు బరువెక్కువ) బ్యాటే చేతిలో పెట్టారు. ఆయన 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్‌కెక్కాడండీ, నా భుజం మామూలు క్లియర్‌కే (షటిల్‌ని అవతలి కోర్టు వెనక దాకా ఎత్తి కొట్టే షాట్) మూలుగుతోంది! అందుకే ఈవెన్ బ్యాలెన్స్ (బరువు రెండు వైపులా సమానం), ఫోర్ యూ బరువు (80–84 గ్రాములు), షాఫ్ట్ (మధ్య కడ్డీ) మరీ బిగుసుగా లేనిది తీసుకున్నా. ఫుల్ గ్రాఫైటే, రెండు వేల లోపు.

మిగిలిన డబ్బు గట్టింగ్‌కి (బ్యాట్‌కి తీగలు వేయించడానికి) పెట్టా, బిగింపు 23 పౌండ్లు. అసలు తేడా అక్కడే. ఓ కుర్రాడు 28 వేయించమన్నాడు. షటిల్ ప్రతిసారీ నడిమధ్యలో తగిలేవాళ్లకి అది, మనకైతే మోచెయ్యి పోద్ది. మన ఉక్కకి టవల్ గ్రిప్ చుట్టించా.

పొద్దున్న డబుల్స్‌కి ఒకరు తక్కువున్నాం, ఎవరైనా వస్తారా?