లక్ష్మీదేవిని చూద్దామని నేపుల్స్ వెళ్లాను

మ్యూజియాలకు సెలవంటే సోమవారమేనని నా గట్టి నమ్మకం. మన సాలార్‌జంగ్‌కి శుక్రవారం, అది వేరే లెక్క. ఇటలీలో చదివే మా అమ్మాయి పరీక్షల హడావిడిలో ఉండి "నాన్నా, నేపుల్స్ ప్లాన్ నువ్వే వెయ్యి" అంటే, ఎంతో తెలివిగా సోమవారం దగ్గర్లోని పాంపే శిథిలాలకూ, మంగళవారం పురావస్తు మ్యూజియానికీ పెట్టాను. తీరా మంగళవారం పొద్దున వెళ్తే తలుపులు వేసి ఉన్నాయి. అక్కడ సెలవు మంగళవారమట. దాంతో హోటల్లో ఇంకో రాత్రి. యూరోల్ని రూపాయల్లోకి మార్చి చూసుకోనని అమ్మాయికి మాటిచ్చాను కాబట్టి మార్చలేదు. (మార్చాను.) అక్కడ కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకో ధర. మోకాళ్ల నొప్పులతో నిలబడే తాగాను.

అమ్మాయి రోమ్‌లో గ్రీకు, రోమన్ పురావస్తు శాస్త్రం చదువుతోంది. కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన నాకు ఆ చదువుతో ఉద్యోగం ఎక్కడొస్తుందో ఇప్పటికీ టెన్షనే. నేను బయల్దేరింది మాత్రం వేరే పని మీద. 1938లో పాంపే తవ్వకాల్లో ఒక దంతపు బొమ్మ దొరికిందనీ, అది మన లక్ష్మీదేవి అనీ ఎప్పుడో పేపర్లో చదివాను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి బూడిదలో పూడిపోయిన ఊళ్లో మన అమ్మవారు! చూడకుండా ఎలా ఉంటాం?

పాంపే గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఎండకి సగం ఊరే తిరిగాం. జనం వీధి దాటడానికి అడ్డంగా వేసిన ఎత్తు రాళ్లు, వాటి మధ్య బండి చక్రాలకు వదిలిన సందులు మాత్రం నచ్చాయి. వానాకాలంలో మా వీధికి అలాంటివి నాలుగు కావాలి. బొమ్మ దొరికిన ఇంటికి బయటి నుంచే దండం పెట్టుకున్నాను.

బుధవారం మ్యూజియంలో అమ్మాయి నన్ను నేరుగా అమ్మవారి దగ్గరికి తీసుకెళ్లలేదు. ఈటె పట్టిన యువకుడి పాలరాతి బొమ్మ ముందు నిలబెట్టి, "కాలి పక్కన ఆ చెట్టు మొద్దు ఎందుకుందో చెప్పు" అంది. నీడకేమో అన్నాను. కాదట. గ్రీకు శిల్పి పాలిక్లైటస్ క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో దాన్ని కంచులో పోత పోశాడట. లోపల బోలు కాబట్టి అది రెండు కాళ్ల మీదే నిలబడేది. తర్వాత రోమన్లు రాతిలో నకలు చెక్కితే ఆ బరువుకి చీలమండ దగ్గర విరిగిపోతుంది. అందుకే మొద్దు చెక్కి కాలికి ఆనించారు.

"అంటే స్తంభానికి స్టే వైరన్నమాట!" అన్నాను. కరెంటు స్తంభం ఒరిగిపోకుండా లాగి కట్టే ఆ తీగలు నేను ఎన్ని వేయించానో లెక్కలేదు. అక్కణ్నుంచి ప్రతి రాతి బొమ్మకీ ముందు కాళ్లే చూశాను.

అసలు ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. మన బొమ్మను పెట్టింది రహస్య గది అనే చోట. పాంపే, హెర్క్యులేనియం ఊళ్లలో దొరికిన శృంగార బొమ్మలూ చిత్రాలూ అక్కడే ఉంటాయి. 1819లో యువరాజుగారి మాట మీద వాటికి తాళం వేశారు, చివరికి 2000లో జనానికి తెరిచారు. కన్నకూతురితో కలిసి చూడదగ్గ గది కాదు. నేను నేల చూసుకుంటూ నడిచాను. ఆవిడగారేమో గంటలు వేలాడే ఒక మగగుర్తు ముందు ఆగి, "ఇది బూతు కాదు నాన్నా, దిష్టి తగలకుండా కట్టుకునేవాళ్లు" అంది. కొత్త ఇంటికి మనం కట్టే గుమ్మడికాయ గుర్తొచ్చి కాస్త తలెత్తాను.

బొమ్మ జానెడు కంటే కొంచెం ఎక్కువ. ఒంటి మీద నగలు తప్ప బట్ట లేదు. చేతినిండా గాజులు, కాళ్లకు దొంతర కడియాలు.

"లక్ష్మి అనకు నాన్నా" అంది. చేతిలో పద్మం లేదు, పక్కన ఏనుగుల్లేవు, యక్షిణి కావచ్చట. నడినెత్తి మీద రంధ్రం ఉంది కాబట్టి అద్దం పిడో, బల్ల కాలో కావచ్చట. అడుగున ఖరోష్ఠి అక్షరం ఉంది, అది వాయవ్య భారతపు లిపి. అయితే ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలో తేర్, భోకర్దన్ దగ్గర దొరికాయి, అదంతా శాతవాహనుల నేల.

"అయితే మనవాళ్లు చేసిందే!"

"కావచ్చు."

నాకు ఒళ్లు మండింది. మా పనిలో లైన్లో కరెంటు ఉందా లేదా, రెండే మాటలు. "కావచ్చు" అనుకుని తీగ పట్టుకున్నవాడు బతకడు. మా నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయి కదా, వాళ్ల డబ్బు ఇటు వస్తే మన సరుకు అటు పోదా అని వాదించాను. పోతుంది, కానీ ఈ బొమ్మ అలాగే పోయిందని రుజువు కాదు అంది. ఈ మాట అనడానికా ఇంత ఫీజు?

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఫోటో ఇంటికి పంపాను. అయిదు నిమిషాల్లో మా ఆవిడ ఫోన్.

"అమ్మవారి సంగతి సరే, అటూ ఇటూ నిలబడ్డ ఆ చిన్న పిల్లలిద్దరూ చేతుల్లో ఏం పట్టుకున్నారు?"

పిల్లలా? గంటసేపు వాదించాను కానీ వాళ్లని చూడనే లేదు. అమ్మాయి ఫోన్ లాక్కుని, "అలంకరణ సామాను డబ్బాలమ్మా! నువ్వు రావాల్సింది" అంది. లేచి మళ్లీ లోపలికి పోదామా అనుకున్నాను. కొత్త టికెట్ కొనాలని గుర్తొచ్చి కూర్చున్నాను.