చదవడం రాదంటే ఎక్కడ రాదు?

మా బడి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందస వైపు. ఇద్దరం టీచర్లం, అయిదు తరగతులు. నాలుగో తరగతి నా చేతికి వచ్చేసరికి సగం మంది పేర్ల పక్కన ఒకటే మాట రాసి ఉంది: "చదవడం రాదు". జ్వరమని రాసి రోగం పేరు రాయనట్టు. ఎవరికి ఎక్కడ ఆగిపోతోందో తేల్చుకోకుండా పాఠం మొదలుపెట్టడం దండగనిపించింది.

ముందు అసర్ సర్వే పద్ధతిలో చూశాను. 2005 నుంచి పల్లెల్లో పిల్లల చదువుని కొలుస్తున్న సర్వే అది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అని మెట్లు ఉంటాయి. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చిటికెలో తెలిసిపోతుంది, ఎందుకక్కడే ఉండిపోయారో తెలీదు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్కరినీ వరండాలో నా పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం మొదలెట్టాను. ఎదురుగా కూర్చుంటే పిల్లలు మన మొహం చూసి చదువుతారు. పక్కన కూర్చుంటే వేలు ఎక్కడుందో కనిపిస్తుంది. మధ్యలో దిద్దలేదు. పుస్తకంలో ఉన్న మాట ఒక గడిలో, పిల్లల నోటి నుంచి వచ్చిన మాట పక్క గడిలో రాసుకుంటూ పోయాను.

ఒక పాప పాఠం గడగడా చదివేసింది. వేలు మాత్రం రెండు లైన్లు వెనకే ఉంది. కింది లైను నుంచి పైకి చదవమన్నాను, నోరు పెగల్లేదు. పాఠమంతా కంఠతా వచ్చు, అంతే.

ఇంకొకడు 'కొమ్మ'ని కొబ్బరి అన్నాడు. 'కొండ్ర' కూడా కొబ్బరే. 'జీర్ణం' జీడి అయింది. మొదటి అక్షరం పట్టుకుని మిగతాది ఊహించేస్తున్నాడు, చుట్టూ కొబ్బరి, జీడి తోటలే ఉన్న మా ఊళ్లో అంతకంటే ఇంకేం తోస్తాయి లెండి. ఊహకి అందకుండా అర్థం లేని పదాలు రాసి ఇచ్చాను: గొపిడు, తీలము, బెస్నము, గత్తిరి. మొదటి రెండూ కూడబలుక్కుని చదివాడు. ఒత్తు కనపడగానే ఆగిపోయాడు. తెలుగులో త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. ఎవరో కూర్చోబెట్టి నేర్పితే తప్ప చూసి పోల్చుకోలేం. పాత హాజరు పట్టీ తీస్తే సంగతి తెలిసింది. ఒత్తులు నేర్పే రోజుల్లో వాడు ఊళ్లో లేడు, అమ్మానాన్నలతో చెన్నైలో బిల్డింగ్ పని దగ్గర ఉన్నాడు. మా వైపు వలసలు కొత్తేం కాదు కాబట్టి, ఆ తర్వాత అందరి పట్టీలూ తిరగేశాను. చాలా మందికి రాని పాఠాలూ బడికి రాని నెలలూ సరిపోయాయి.

'వెళ్లాడు'ని "ఎల్లాడు" అనీ, 'చెప్పింది'ని "సెప్పింది" అనీ చదివితే మాత్రం నేను తప్పు వేయలేదు. ఇళ్లలో మాట అదే. అక్షరాలు చూసి, అర్థం చేసుకుని, తన నోటి మాటలో అన్నాడంటే వాడికి చదవడం వచ్చినట్టే లెక్క. తనిఖీకి వచ్చేవాళ్లకి ముందు వినపడేది మాత్రం అదే. ఇక నిమిషానికి ఎన్ని పదాలన్నది కూడా చూశాను. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి 60 పదాలు, అర్థం చేసుకుంటూ చదవాలి. 'వెళ్లిపోయినప్పటికీ' అన్నదీ ఒక పదమే, 'ఆవు' అన్నదీ ఒక పదమే. అందుకే ఆ అంకెని నేను మరీ పట్టుకోను.

తర్వాత నేనే కథ చదివి వినిపించి ప్రశ్నలు అడిగాను. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన సూత్రం ఇక్కడ పనికొచ్చింది. అక్షరాన్ని మాటగా మార్చగలగడం ఒకటి, విన్న మాట అర్థం కావడం ఒకటి. ఈ రెండిటినీ హెచ్చవేస్తే వచ్చేది చదువు. ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే. కొబ్బరి కుర్రాడు వింటే అన్నిటికీ జవాబు చెప్పాడు. సవర గిరిజన కుటుంబం నుంచి వచ్చిన ఒక బాబుది తిరగేసిన లెక్క. ఒత్తులతో సహా తప్పు లేకుండా చదువుతాడు. కథలో ఏమయిందిరా అంటే నేల చూపులు. నేను చదివి వినిపించినా అంతే. వాళ్లమ్మని బడికి పిలిచి అదే కథని సవరలో చెప్పమన్నాను. సగంలోనే వీడు అందుకున్నాడు, చేతులు తిప్పుతూ మిగతాదంతా తనే అల్లేస్తున్నాడు, ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతోంది. సవర ముండా అనే వేరే కుటుంబానికి చెందిన భాష, తెలుగుతో చుట్టరికం లేదు. పక్కనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఎప్పుడో సవర నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఈ బాబు చేత అక్షరాలు ఎన్నిసార్లు దిద్దించినా లాభం లేదు. ఇప్పుడు పాఠానికి ముందు అందులోని వస్తువులూ పనులూ చూపించి మాట్లాడించి, ఆ తర్వాతే పుస్తకం తెరుస్తున్నాం.

డిక్టేషన్‌లో 'గాలి'ని 'కాలి' అనీ, 'బండి'ని 'పండి' అనీ రాసే పిల్ల ఒకర్తె ఉంది. వెనక నిలబడి 'గాలి-కాలి' లాంటి జంట మాటలు చెప్పి అనమంటే అవే తప్పులు. చెవిలోంచి చీము కారుతోందని పక్కపిల్ల చెప్పింది. పీహెచ్‌సీకి పంపాను, మందులతో చాలావరకు తగ్గింది. కళ్లద్దాలు కావలసినవాళ్లూ తేలారు, అది సులువుగానే అయిపోయింది.

అన్నీ తీసేయగా ఒక బాబు మిగిలాడు. బడి మానడు. చూపు, వినికిడి బాగున్నాయి. నోటి లెక్కల్లో క్లాసు ఫస్టు, కథ చెప్పాడంటే నోరు తెరుచుకుని వింటాం. అక్షరం మాత్రం ఈ రోజు నేర్చుకున్నది రేపటికి ఉండదు. డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, కావచ్చని నా అనుమానం. కానీ అది తేల్చాల్సింది టీచరు కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం టీచరుతో మాట్లాడితే జిల్లా ఆసుపత్రికి రాయించారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఉంది. సర్టిఫికెట్ ఉంటే పెద్ద పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

వాళ్లమ్మ జీడిపప్పు బట్టీలో పని చేస్తుంది. "కాయితం మీద అలగ రాసీస్తే రేపు ఉజ్జోగం ఇస్తారా మాస్టారూ?" అంది. చదువుకోవడానికి సాయం దొరుకుతుంది గానీ ఉద్యోగానికి అడ్డం రాదమ్మా అని చెప్పాను. తలూపింది, కానీ పూర్తిగా నమ్మినట్టు లేదు. శ్రీకాకుళం వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, అదొకటి. నేనూ తోడొస్తానన్నాను. ఆసుపత్రి వాళ్లు తేదీ ఇంకా చెప్పలేదు. ఈలోగా వాడికి సైన్సు ప్రశ్నలు నోటితోనే అడుగుతున్నాను.