రెండు వేల మందికి వండినవాడు

జనవరి 8 డేవ్ థామస్ పోయిన రోజు. 2002లో పోయాడు, లివర్ క్యాన్సర్, అప్పటికి 69 ఏళ్లు. అమెరికాలో వెండీస్ అనే హాంబర్గర్ షాపులు పెట్టింది ఆయనే, ఆయన పోయేనాటికి అవి ఆరు వేలు దాటాయి. మన బరంపురంలో ఆ పేరు విన్నవాళ్లు తక్కువే, మన దేశానికి వెండీస్ వచ్చిందే 2015లో, అదీ గుర్‌గావ్‌కి. అయినా ఈ రోజు వస్తే ఆయన గురించి ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది నాకు. రాసేవాళ్లంతా ఆయన కోట్లు సంపాదించిన సంగతే రాస్తారు. నాకు ఇష్టమైంది అంతకు ముందటి భాగం, ఆర్మీ వంటశాలలో గడిపిన భాగం.

పుట్టిన ఆరు వారాలకే దత్తత వెళ్లిన పిల్లాడు. పెంచిన తల్లి ఆయనకు ఐదేళ్లప్పుడే చనిపోయింది, తండ్రి పని వెతుక్కుంటూ ఊళ్లు మారుతుంటే వెనకే తిరిగాడు. పన్నెండేళ్లకే హోటల్ పనిలో చేరాడు. పదిహేనేళ్లప్పుడు ఫోర్ట్ వేన్ అనే ఊళ్లో ఒక రెస్టారెంట్‌లో పనిచేస్తుండగా ఇంట్లోవాళ్లు మళ్లీ ఊరు మారతామంటే, నేను రానని చెప్పి, బడి మానేసి, వైఎంసీఏ హాస్టల్‌లో గది తీసుకుని అక్కడే ఉండిపోయాడు.

కొరియా యుద్ధం మొదలయ్యాక తనంతట తానే ఆర్మీలో చేరాడు. వంట ముందే తెలుసు కాబట్టి జార్జియాలో ఫోర్ట్ బెన్నింగ్‌లో ఉన్న ఆర్మీ వంట స్కూలుకి వెళ్లాడు. తర్వాత పంపింది కొరియాకి కాదు, పశ్చిమ జర్మనీకి. అక్కడ రోజూ సుమారు రెండు వేల మంది సైనికులకు భోజనం పెట్టే బాధ్యత ఆయనది, అప్పటికి నిండా ఇరవై రెండేళ్లు కూడా లేవు. 1953లో స్టాఫ్ సార్జెంట్‌గా బయటికొచ్చి మళ్లీ ఆ పాత రెస్టారెంట్‌లోనే వంటకి చేరాడు.

ఈ ముక్క ఒకసారి మా మావయ్యకి చెప్పాను. ఆయన మన ఆర్మీలో వంట చేసి హవల్దార్‌గా రిటైరయ్యాడు, ఇప్పుడు పెద్దబజారు వైపు పెళ్లిళ్లకి వంటలు ఒప్పుకుంటాడు. అంతా విని ఆయన అడిగింది ఒకటే, "రెండు వేల మందికి ఎన్ని పూటలురా?" తర్వాత చాలాసేపు మాట్లాడాడు. లంగర్‌లో, అంటే ఆర్మీ వంటశాలలో, రుచి కన్నా ముందు టైం అంట. పరేడ్ అయ్యేసరికి చాయ్ ఉండాలి, మొదట ప్లేటు పట్టుకున్నవాడికీ చివర వచ్చినవాడికీ పప్పు ఒకేలా ఉండాలి, నిన్నటికీ ఇవాళ్టికీ ఉప్పులో తేడా రాకూడదు, రేషన్ లెక్క తేడా వస్తే అసలే ఊరుకోరు. ఆయన చెబుతుంటే నాకు తట్టింది, షాపు పేరూ పద్ధతీ వేరేవాళ్లకి ఇచ్చి నడిపించే ఫ్రాంచైజీ అంటే ఇదే కదా! షాపు ఏ ఊళ్లో ఉన్నా, వండేది ఎవరైనా, తినేవాడికి అదే రుచి, అదే టైంకి అందాలి. డేవ్ థామస్ అది ఏ బిజినెస్ కాలేజీలోనూ నేర్చుకోలేదు, జర్మనీలో ఆ మెస్‌లోనే నేర్చుకున్నాడని నా గట్టి నమ్మకం.

చూడండి, 1962లో ఏం జరిగిందో. అమెరికాలోనే కొలంబస్ అనే ఊళ్లో నాలుగు కేఎఫ్‌సీ చికెన్ షాపులు మునిగిపోయే స్థితిలో ఉంటే, ఆ పాత రెస్టారెంట్ యజమాని వాటిని నిలబెట్టమని ఈయన్ని పంపాడు. ఆయన మొదట చేసింది మెనూ కోసేయడం. దొరికిందల్లా వండి అమ్మే పద్ధతి ఆపి, చికెనూ దాని పక్కన ఒకటి రెండూ ఉంచాడు. గుర్తుగా తిరిగే బకెట్ బోర్డు పెట్టించాడు. టీవీ ప్రకటనల్లో మీరే కనబడండి అని కేఎఫ్‌సీ పెట్టిన కల్నల్ శాండర్స్‌ని ఒప్పించాడు. (లోకమంతా కల్నల్ అని పిలిచే శాండర్స్‌ది కెంటకీ రాష్ట్రం గౌరవంగా ఇచ్చిన బిరుదు. ఆర్మీలో ఆయన కుర్రతనంలో కొద్దికాలమే ఉన్నాడు.) 1968లో ఆ షాపుల్లో తన వాటా అమ్మితే పదిహేను లక్షల డాలర్లు వచ్చాయి.

ఆ డబ్బుతో 1969 నవంబర్ 15న అదే కొలంబస్‌లో మొదటి వెండీస్ తెరిచాడు, కూతురి ముద్దుపేరు పెట్టి. గుండ్రటి బన్నులో చతురస్రంగా ఉండే మాంసం ముక్క పెట్టాడు, మూలలు బయటికి కనబడితే కొనేవాడికి తను తినబోయేది ఏమిటో తెలుస్తుందని. మరుసటి ఏడే రెండో షాపులో కారు దిగకుండా తీసుకెళ్లే కిటికీ పెట్టాడు. తర్వాత ఫ్రాంచైజీలు ఒక్కో షాపు లెక్కన కాకుండా ఊళ్లకు ఊళ్లు, ప్రాంతాలకు ప్రాంతాలు ఒకరికే ఇచ్చాడు. ఒకే మనిషి కింద పది షాపులుంటే అన్నింటిలో పద్ధతి ఒకటే నిలుస్తుంది, నాకైతే ఇందులోనూ మెస్ సార్జెంటే కనిపిస్తాడు.

ఇదంతా ఇంత పొడుగ్గా ఎందుకు చెబుతున్నానంటే, మన గంజాం నుంచి ఆర్మీకి వెళ్లినవాళ్లు బోలెడు, పక్కనే గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, యూనిఫాం మనకి కొత్త కాదు. 2022కి ముందు సిపాయిగా చేరినవాళ్లు నలభై ఏళ్లు అటూ ఇటూ ఉండగానే పెన్షన్‌తో ఇంటికొచ్చేస్తారు. వచ్చినవాళ్లకి ఊరు చూపించే పని ఏటీఎం దగ్గరో అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో సెక్యూరిటీ గార్డు. వందల మందికి పూటపూటకీ టైంకి వండి, లెక్క అప్పగించిన మనిషిని తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెడుతున్నాం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. పెట్రోల్ బంకుల కేటాయింపులో మాజీ సైనికులకి కోటా ఉందని అందరికీ తెలుసు, కానీ లంగర్‌లో చేసొచ్చిన పనికి బయట విలువ ఉందని మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పరు. కొత్తగా వచ్చే ఫుడ్ షాపులవాళ్లు మేనేజర్లని ఎక్కడెక్కడినుంచో తెచ్చుకుంటారు గానీ మన వీధిలో ఉన్న హవల్దార్‌ని అడగరు.

డేవ్ థామస్ గురించి ఇంకొక్కటి. 1993లో, అరవై దాటాక, కోటీశ్వరుడయ్యాక, ఆయన చదువుకుని హైస్కూలుతో సమానమైన పరీక్ష పాసయ్యాడు. తనని చూసి పిల్లలు బడి మానేసినా పర్లేదనుకుంటారేమో అన్నది ఆయన దిగులు. అంతకు ముందు ఏడాదే దత్తత కోసం ఎదురుచూసే పిల్లల కోసం ఒక ఫౌండేషన్ కూడా పెట్టాడు, అది ఇప్పటికీ నడుస్తోంది.

మావయ్యతో పనిచేసిన ఒకాయన ఈమధ్యే రిటైరై వచ్చాడు, ఏదైనా ఫుడ్ ఫ్రాంచైజీ తీసుకుందామా అని నన్ను అడిగాడు. పెన్షన్ డబ్బంతా ఒకేసారి పెట్టొద్దన్నా అని చెప్పాను. ముందు వాళ్ల షాపు ఒకదానిలో కొన్నాళ్లు వంటింట్లో నిలబడి చూడమన్నాను, సరుకు ఎవరు పంపుతారో, అమ్మకంలో నెలనెలా ఎంత శాతం కట్టాలో, ఒప్పందం మధ్యలో వదిలేస్తే కట్టిన డిపాజిట్ ఏమవుతుందో కాగితం మీద రాయించుకోమన్నాను. వచ్చే వారం ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తానన్నాడు, మావయ్యని కూడా రమ్మన్నాను.