తలుపు సందులో పడని వేలు

యంత్రం ఆపకుండానే, ఇరుక్కున్న కాగితాన్ని లాగబోయాను. కుడిచేతి చూపుడు వేలి కొస రోలర్ల మధ్య నలిగింది. తప్పు నాదే. ఆ సిగ్గుతో, ఎలా జరిగిందని ఆసుపత్రిలో అడిగితే "ఇంట్లో తలుపు సందులో పడింది" అన్నాను. డాక్టరు అదే రాసుకున్నారు. ఆ ఒక్క ముక్క నన్ను రెండు నెలలు తిప్పింది.

కార్మికుల నష్టపరిహారంలో తప్పెవరిదన్న ప్రశ్న దాదాపు రాదని అప్పటికి నాకు తెలియదు. 1884లో జర్మనీ తెచ్చిన ప్రమాద బీమా చట్టం నుంచీ పద్ధతి ఇదే. యజమాని తప్పున్నా లేకపోయినా పరిహారం అందుతుంది. అందుకు బదులుగా చాలాచోట్ల కార్మికుడు యజమానిపై దావా వేసే హక్కు వదులుకోవాలి. కావాలని గాయం చేసుకుంటే సంగతి వేరు గానీ, నా అజాగ్రత్త అడ్డంకి కాదు. గాయం పనిలో ఉండగా, పని వల్ల తగిలిందా అన్నదే చూస్తారు. నా కేసు కాగితంలో మాత్రం "ఇంట్లో" అని ఉంది!

బీమా సంస్థ క్లెయిము తిరస్కరించింది. తిట్టుకున్నాను గానీ, ఆ కాగితం చూస్తే నేనైనా అదే చేసేవాణ్ణి. ప్రమాదం జరిగిన రోజే సూపర్‌వైజరు రిజిస్టరులో రాసిన నాలుగు పంక్తులు నన్ను ఒడ్డున పడేశాయి: సమయం, యంత్రం, పక్కనున్న ఇద్దరి పేర్లు. వాటికి నా వాంగ్మూలం జతచేశాను. ముందు చెప్పింది అబద్ధమని ఎడమచేత్తో, వంకర అక్షరాలతో రాసిచ్చాను.

పూర్తి జీతం వస్తుందనుకున్నాను, రాలేదు. భార్య, ఇద్దరు పిల్లలున్న కార్మికుణ్ణి ప్రమాణంగా తీసుకుని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952 ఒడంబడికలో పెట్టిన కనీస హద్దు జీతంలో 50 శాతం. 1964లో అది 60 అయింది. నాకు మూడింట రెండు వంతులు ఇచ్చారు. మొదటి 3 రోజులకు ఏమీ లేదు. వైద్యం ఖర్చు మొత్తం వచ్చింది. నిద్రపట్టని రాత్రుల గురించి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

ఇక ఇంతకన్నా నయం కాదని తేలాకే శాశ్వత నష్టం ఎంత శాతమో లెక్కకట్టారు. డాక్టరు కోణం కొలిచే పరికరం పెట్టి వేలు వంచమన్నారు. కొస కణుపు సగంలోనే ఆగిపోయింది. పళ్లు బిగించి ఇంకాస్త వంచబోయాను.

"బలవంతం వద్దండీ, ఎంత వస్తే అంతే చూపించండి" అన్నారు.

అంతే చూపించాను.